గేమింగ్ కంప్యూటర్ ఆకస్మికంగా ఆరిపోవడం: మదనపల్లె, పుంగనూరు, కుప్పం పరిసరాల్లో కారణాలు, పరీక్షా క్రమం

విడిభాగాలను విడివిడిగా కొని ఇంటి దగ్గర అమర్చుకున్న గేమింగ్ కంప్యూటర్, వాడేవారు ఆపకపోయినా, తెర మీద ఎలాంటి హెచ్చరికా కనిపించకుండానే ఒక్కసారిగా ఆరిపోవడాన్ని ఆకస్మిక షట్‌డౌన్ అంటారు. దుకాణాల భాషలో ‘అసెంబుల్డ్ సిస్టమ్’ అనే ఈ యంత్రంలో ప్రాసెసర్, మదర్‌బోర్డు, మెమరీ, గ్రాఫిక్స్ కార్డు, గోడలోని కరెంటును యంత్రానికి తగినట్టు మార్చి అందించే ఎస్‌ఎమ్‌పీఎస్, వీటన్నిటినీ ఇముడ్చుకునే క్యాబినెట్ ఒక్కొక్కటీ ఒక్కో తయారీదారువి కావడంతో, అవి ఒకదానితో ఒకటి పొసగుతాయో లేదో చూసుకోవలసిన పూచీ అమర్చినవారి మీదే పడుతుంది. యంత్రం ఆరిపోగానే ఏదో ఒక భాగం కాలిపోయిందని అనుకోవడం సహజమే గానీ, చాలా సందర్భాల్లో భాగాలు కాలిపోకుండా కాపాడే రక్షణ వలయాల్లో ఒకటి తన పని తాను చేయడమో, బయటి సరఫరా క్షణకాలం తెగడమో జరిగి ఉంటుంది. ఏ భాగం చెడిందని అడిగే ముందు యంత్రాన్ని ఆపింది ఏదని అడగాలి. ఈ వరస తప్పినవారు ఒకదాని తరవాత ఒకటిగా భాగాలు మార్చుతూ పోయి, చివరికి అసలు లోపాన్ని గోడలోనే మిగిల్చుకుంటారు.

పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల్లో ఈ సమస్యకు కొన్ని ప్రత్యేక లక్షణాలున్నాయి. కర్ణాటక, తమిళనాడు సరిహద్దులను ఆనుకుని సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉండే ఈ పీఠభూమిలో సేద్యం చిరకాలంగా బోరుబావుల మీద నడిచింది. టమాటా, మల్బరీ తోటలకు నీరు తోడే మోటార్ల భారం స్థానిక విద్యుత్ లైన్ల మీద పడుతుంది. మదనపల్లెలో 1998లో ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్, కుప్పంలో 1997 నాటి ద్రావిడ విశ్వవిద్యాలయం, ఇతర ఇంజినీరింగ్ కళాశాలల వల్ల సొంతంగా యంత్రం కూర్చుకునే యువత ఇక్కడ తక్కువేమీ కాదు. కంప్యూటర్ విడిభాగాలు దొరికే బెంగళూరు ఎస్.పి. రోడ్డు చేరువలోనే ఉంటుంది. కుప్పానికైతే కంప్యూటర్లతో మరికొంత పాత సంబంధం ఉంది. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ ‘ఐ-కమ్యూనిటీ’ పేరుతో పల్లెలకు కంప్యూటర్ సేవలు చేర్చే పథకం నడిపింది. ఆ పథకంలో ఊరూరా తిరిగి ఫొటోలు తీసిన మహిళలకు సౌరశక్తితో పనిచేసే ప్రింటర్లు ఇవ్వవలసి వచ్చిందంటే, ఈ ప్రాంతంలో కంప్యూటర్ ప్రశ్నకూ కరెంటు ప్రశ్నకూ ఉన్న ముడి అప్పటికే తెలిసిన విషయమన్నమాట.

ఆరిపోవడం, మళ్లీ మొదలవడం, బిగుసుకుపోవడం

మూడు వేర్వేరు సంఘటనలను జనం ఒకే మాటతో చెప్పడం వల్ల పరిశోధన మొదట్లోనే దారి తప్పుతుంది. ఫ్యాన్లతో సహా యంత్రమంతా నిశ్శబ్దమైపోతే అది విద్యుత్తుకో, వేడికో సంబంధించిన ఆగిపోవడం. తెర నల్లబడి యంత్రం దానంతటదే తిరిగి మొదలైతే మెమరీ, డ్రైవర్లు, ప్రాసెసర్ స్థిరత్వం కూడా అనుమానితుల జాబితాలోకి వస్తాయి. బొమ్మ అలాగే నిలిచిపోయి ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటే అది షట్‌డౌన్ కానే కాదు. విండోస్ తీవ్రమైన లోపం ఎదురైనప్పుడు నీలి తెర చూపి వెంటనే యంత్రాన్ని తిరిగి ప్రారంభిస్తుంది కాబట్టి, సెట్టింగుల్లో ఆటోమేటిక్ రీస్టార్ట్‌ను నిలిపివేస్తే మొదటి రెండు రకాలను విడదీయడం తేలికవుతుంది.

విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో ఇలాంటి ప్రతి సంఘటన తరవాతా ‘కెర్నల్-పవర్ 41’ అనే నమోదు కనిపిస్తుంది. దాన్ని చూసి ఎస్‌ఎమ్‌పీఎస్ పాడైందని తీర్మానించేవారు చాలామంది ఉన్నారు గానీ, యంత్రం క్రితంసారి పద్ధతి ప్రకారం ఆగలేదన్న ఒక్క సంగతినే, అదీ మళ్లీ మొదలయ్యాక, ఈ నమోదు తెలియజేస్తుంది. దాని వివరాల్లోని ‘బగ్‌చెక్ కోడ్’ విలువ సున్నా అయితే విండోస్‌కు లోపాన్ని నమోదు చేసే వ్యవధి కూడా దొరకలేదని, అంటే విద్యుత్తు ఒక్కసారిగా పోయి ఉండవచ్చని అర్థం. వేరే విలువ ఉంటే నీలి తెర వచ్చిందని గ్రహించాలి. ‘పవర్ బటన్ టైమ్‌స్టాంప్’ విలువ సున్నా కాకపోతే ఎవరో, లేదా ఏదో, పవర్ బటన్‌ను నొక్కినట్టు. 6008 నమోదు ఆగిన సమయాన్ని చూపుతుంది. ఆ సమయాన్ని వీధిలో కరెంటు పోయిన వేళతో పోల్చి చూడడం ఖర్చు లేని పరీక్ష, ఫలితం మాత్రం ఎంతో విలువైనది.

గోడలోని సరఫరా

దేశంలో ఇళ్లకు అందే సింగిల్ ఫేజ్ సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వోల్టేజి ఇంతకు 6 శాతం మించి అటూ ఇటూ కాకూడదన్నది ప్రమాణం కాబట్టి, సుమారు 216 నుంచి 244 వోల్టుల మధ్య ఉండాలి. మదనపల్లె, పుంగనూరులకు తిరుపతి కేంద్రంగా ఉన్న ఎస్‌పీడీసీఎల్ విద్యుత్తు సరఫరా చేస్తుండగా, కుప్పం ప్రాంతంలో ఈ పనిని చాలా కాలం పాటు రెస్కో అనే గ్రామీణ విద్యుత్ సహకార సంఘం నిర్వహించింది. సరఫరా ఎవరిదైనా, ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా లైను చివరన ఉన్న ఇళ్లలో వోల్టేజి తగ్గడం, మోటారు మొదలైన క్షణంలో మరింత కుంగడం భౌతికశాస్త్ర నియమం ప్రకారమే జరుగుతాయి. ఇండక్షన్ మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుగా తీసుకునే కరెంటుకు ఐదారు రెట్లు తీసుకుంటుంది.

ఈ కుంగుబాటును తట్టుకోవడం ఎస్‌ఎమ్‌పీఎస్ నాణ్యత మీద ఆధారపడి ఉంటుంది. లోపలికి వచ్చే కరెంటును ఒక క్రమంలో పెట్టే యాక్టివ్ పీఎఫ్‌సీ వలయం ఉన్నవాటిలో చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తాయి. సరఫరా ఎంత ఉన్నా ఆ వలయం లోపలి పెద్ద కెపాసిటర్‌ను దాదాపు 380 వోల్టుల వద్ద నిలుపుతుంది. ఆ వలయం లేని చవక యూనిట్లలో కెపాసిటర్ వోల్టేజి సరఫరాను అనుసరించి 230 వోల్టుల వద్ద సుమారు 325కు చేరుతుంది, సరఫరా 180కి పడితే 255కు దిగుతుంది. కెపాసిటర్‌లో నిలవ ఉండే శక్తి వోల్టేజి వర్గానికి అనులోమంగా మారుతుంది కాబట్టి ఆ కాస్త తగ్గుదలకే నిలవ శక్తి 61 శాతానికి పడిపోతుంది. లో వోల్టేజి ఉన్న సాయంత్రం రెప్పపాటు కుదుపుకే యంత్రం ఆరిపోవడానికి, అదే యంత్రం పగలంతా నిలబడడానికి కారణం ఇదే.

సరఫరా తెగాక కూడా ఈ నిలవ శక్తితో యంత్రం కొన్ని మిల్లీసెకన్లు నడుస్తుంది. దీన్ని హోల్డ్-అప్ కాలం అంటారు. ఇంటెల్ 1995లో ప్రవేశపెట్టి తరవాత పలుమార్లు సవరించిన ఏటీఎక్స్ ప్రమాణం, 2023 నాటి 3.1 సంచికలో పూర్తి లోడు మీద 12, 80 శాతం లోడు మీద 17 మిల్లీసెకన్ల హోల్డ్-అప్‌ను నిర్దేశించింది. 50 హెర్ట్జ్ విద్యుత్తులో ఒక్క ఆవృత్తికి 20 మిల్లీసెకన్లు పడుతుందని గుర్తుంచుకుంటే ఈ వ్యవధి ఎంత స్వల్పమో తెలుస్తుంది. ఇక్కడే ఇంటి ఇన్వర్టర్ రంగంలోకి వస్తుంది. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీదికి మారడానికి ఇన్వర్టర్‌కు కొంత సమయం కావాలి. వెనకవైపు స్విచ్చి ‘యూపీఎస్’ స్థానంలో ఉంటే ఆ మార్పు సుమారు 10 నుంచి 20 మిల్లీసెకన్లలో ముగుస్తుంది, ‘నార్మల్’ స్థానంలో ఉంటే 40 మిల్లీసెకన్ల దాకా పట్టవచ్చు. ఫ్యాన్లకూ లైట్లకూ ఈ తేడా తెలియదు, కంప్యూటర్‌కు తెలుస్తుంది. లోడు తక్కువగా ఉన్నప్పుడు హోల్డ్-అప్ కాలం పెరుగుతుంది కాబట్టి, పాఠాలు చూసేటప్పుడు కరెంటు పోయినా నిలబడిన యంత్రం, గ్రాఫిక్స్ కార్డు పూర్తి బలంతో పనిచేసే ఆట నడుమ మాత్రం ఆరిపోతుంది. ఇంటివారు ఇన్వర్టర్‌ను వదిలి గ్రాఫిక్స్ కార్డును అనుమానిస్తారు. యంత్రం ఆరిన వేళ ఇంట్లో ఫ్యాను ఒక్క క్షణం నెమ్మదించిందా, ఇన్వర్టర్‌లో రిలే టక్కుమందా అని అడిగితే చాలు, చాలా కేసులు అక్కడే తేలిపోతాయి.

ఇన్వర్టర్ సామర్థ్యం మరో చిక్కు. 900 వీఏ యూనిట్ వాస్తవంలో సుమారు 700 వాట్ల దాకానే మోస్తుంది. ఆటలో 450 వాట్లు తీసుకునే యంత్రం, మానిటర్, రెండు ఫ్యాన్లు, టీవీ కలిస్తే ఆ హద్దు దగ్గరపడి ఇన్వర్టర్ ఓవర్‌లోడ్‌తో తెగుతుంది. స్క్వేర్ వేవ్ రకం ఇన్వర్టర్లతో కొన్ని యాక్టివ్ పీఎఫ్‌సీ ఎస్‌ఎమ్‌పీఎస్‌లు సరిగా పొసగవు కాబట్టి సైన్ వేవ్ రకమే తగినది. కంప్యూటర్ కోసం విడిగా ఒక లైన్-ఇంటరాక్టివ్ యూపీఎస్ పెట్టుకోవడం ఇన్వర్టర్ మీద ఆధారపడడం కంటే మేలైన ఏర్పాటు. దాని మార్పు వ్యవధి సాధారణంగా 10 మిల్లీసెకన్లకు లోపే ఉంటుంది. రిలే రకం స్టెబిలైజర్ మీద పెట్టుకునే నమ్మకాన్ని మాత్రం కొంత తగ్గించుకోవాలి: అది ట్యాప్ మార్చిన ప్రతిసారీ సరఫరా కొన్ని మిల్లీసెకన్లు తెగుతుంది, వోల్టేజి ఊగిసలాడే ఇంట్లో అది పదేపదే మారుతూ తానే ఒక కారణమవుతుంది.

కుప్పం మండలం నడిమూరులో 2025 జనవరిలో ఇళ్ల పైకప్పు సౌర విద్యుత్తు ప్రయోగాత్మకంగా మొదలైంది. ఇలాంటి గ్రిడ్‌కు కలిపిన సౌర వ్యవస్థలు, బ్యాటరీ లేనట్లయితే, లైను పోయిన వెంటనే భద్రత కోసం తామూ ఆగిపోతాయన్న సంగతిని కొత్తగా పెట్టించుకున్నవారు తెలుసుకోవాలి. పైన ఎండ కాస్తున్నా కంప్యూటర్‌కు అది రక్ష కాదు.

వోల్టేజి ఒక్కసారిగా పెరగడం తగ్గడం కంటే ప్రమాదకరం. స్తంభం దగ్గరో, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో న్యూట్రల్ తీగ వదులైతే ఒక ఫేజు ఇళ్లలో వోల్టేజి కుంగి, మరో ఫేజు ఇళ్లలో 300 వోల్టులు దాటవచ్చు. లైట్లు కొన్ని మసకబారి కొన్ని మితిమీరి వెలిగితే కంప్యూటర్ ప్లగ్గు వెంటనే తీసి, 1912కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయాలి. ఎర్తింగు లేని రెండు రంధ్రాల సాకెట్, వదులైన ఎక్స్‌టెన్షన్ బోర్డు, గోడ సాకెట్‌లో నిప్పురవ్వల చప్పుడు వీటినీ ఈ కోవలోనే చూడాలి. గేమింగ్ కంప్యూటర్‌ను 16 ఆంపియర్ల సాకెట్ నుంచి నేరుగా నడిపి చూడడం తొలి పరీక్షల్లో ఒకటి.

ఎస్‌ఎమ్‌పీఎస్, దాని రక్షణలు

మంచి ఎస్‌ఎమ్‌పీఎస్‌లో వోల్టేజి పెరిగినా, తగ్గినా, కరెంటు మితిమీరినా, మొత్తం శక్తి హద్దు దాటినా, షార్ట్ సర్క్యూట్ అయినా, లోపలి వేడి పెరిగినా సరఫరాను ఆపే వేర్వేరు రక్షణలు ఉంటాయి. వీటిలో చాలావరకు ఒకసారి పనిచేస్తే బిగుసుకుపోతాయి. అప్పుడు ముందు బటన్ ఎన్నిసార్లు నొక్కినా స్పందన ఉండదు, వెనక స్విచ్చి ఆపి కొన్ని సెకన్లు ఆగి వేస్తేనే యంత్రం లేస్తుంది. ఈ ఒక్క లక్షణం గొప్ప ఆధారం. బయోస్‌లో విద్యుత్తు తిరిగి రాగానే యంత్రం దానంతటదే మొదలయ్యే అమరిక పెట్టి చూస్తే, ఆరిన యంత్రం తిరిగి లేస్తే గోడ సరఫరా తెగినట్టు, లేవకపోతే లోపలి రక్షణ బిగిసినట్టు భావించవచ్చు.

క్యాబినెట్‌తో పాటు వచ్చే చవక ఎస్‌ఎమ్‌పీఎస్ మీద ‘450 వాట్లు’ అని రాసి ఉన్నా, ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ అందేది 12 వోల్టుల దారిలోని శక్తి మాత్రమే. లేబుల్‌లో ఆ దారికి 25 ఆంపియర్లని ఉంటే లెక్క 300 వాట్లకే ముగుస్తుంది. ఆర్‌టీఎక్స్ 3060 కార్డు 170 వాట్లు, ప్రాసెసర్ సుమారు 80 వాట్లు తీసుకుంటే, డిస్కులూ ఫ్యాన్లూ కలిశాక అలాంటి యూనిట్‌కు ఊపిరి తీసుకునే వెసులుబాటు మిగలదు. ‘80 ప్లస్’ ముద్ర శక్తి ఎంత వృథా అవుతుందో చెబుతుంది, రక్షణల నాణ్యతను చెప్పదు. బడ్జెట్ తగ్గించుకోవలసి వస్తే గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు దిగినా నష్టం లేదు, ఎస్‌ఎమ్‌పీఎస్‌లో మాత్రం పొదుపు పనికిరాదు.

సగటు వినియోగం హద్దులోనే ఉన్నా క్షణిక ఎగబాకుడు రక్షణను మేల్కొల్పుతుంది. 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3080 (320 వాట్లు), 3090 (350 వాట్లు) కార్డులు మిల్లీసెకన్‌కంటే తక్కువ వ్యవధిలో తమ అంకెకు ఎంతో మించిన శక్తిని లాగుతాయని తేలింది. పైకి చాలినట్టు కనిపించే యూనిట్లు వాటితో ఆరిపోయాయి. దీనికి జవాబుగా 2022 నాటి ఏటీఎక్స్ 3.0, కొత్త పదహారు పిన్నుల కనెక్టర్ ఉన్న యూనిట్లు 100 మైక్రోసెకన్ల పాటు తమ సామర్థ్యానికి రెట్టింపు భారాన్ని మోయగలగాలని నిర్దేశించింది. మదర్‌బోర్డు స్లాట్ 75 వాట్లు, ఒక్కొక్క ఎనిమిది పిన్నుల కనెక్టర్ 150 వాట్లు అందిస్తాయి. ఒకే తీగకు వేలాడే రెండు కొసలను శక్తిమంతమైన కార్డుకు తగిలించకుండా, ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి రెండు విడి తీగలు లాగడం మంచిది. 2022 అక్టోబరులో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల పదహారు పిన్నుల కనెక్టర్లు కరిగిన ఉదంతాల్లో, కనెక్టర్‌ను చివరి దాకా నొక్కకపోవడం ప్రధాన కారణాల్లో ఒకటిగా బయటపడింది. 2021 జూలైలో ‘న్యూ వరల్డ్’ ఆట మెనూ తెరలోనే, ఫ్రేముల సంఖ్యకు హద్దు లేకపోవడంతో, కొన్ని 3090 కార్డులు చెడిపోయాయి. ఆట మొదలుకాకముందే ఆరిపోయిందన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు.

ఈ అనుమానాన్ని రుజువు చేసుకునే మార్గం సులువైనది. గ్రాఫిక్స్ కార్డు పవర్ లిమిట్‌ను సాఫ్ట్‌వేర్‌లో 70 శాతానికి దించి, ఫ్రేముల సంఖ్యకు 60 హద్దు పెట్టి అదే ఆట ఆడించాలి. ఆరిపోవడం ఆగితే శక్తి సరఫరా వైపు వేలు చూపవచ్చు. ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బా విప్పడం మాత్రం ఎన్నటికీ చేయరాదు, ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్‌లో ప్రాణాంతకమైన వోల్టేజి నిలిచి ఉంటుంది. గాలి రంధ్రాల గుండా లోపలికి దూరిన బల్లి షార్ట్ చేసిన యూనిట్‌ను కూడా మార్చడమే మేలు, శుభ్రం చేసి వాడడం కాదు.

వేడి

ప్రాసెసర్ వేడెక్కితే మొదట తన వేగాన్ని తగ్గించుకుంటుంది. ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లలో చాలావాటికి ఈ హద్దు 100 డిగ్రీలు, రైజెన్ 7000 శ్రేణిలో 95 డిగ్రీలు. వేగం తగ్గినా వేడి పెరుగుతూ పోతేనే చిప్ తానే సంకేతం ఇచ్చి సరఫరాను తెంపిస్తుంది. కాబట్టి వేడి వల్ల ఆరిపోయే యంత్రం అంతకుముందు సాధారణంగా కాసేపు మందగిస్తుంది. పూర్తి వేగంతో నడుస్తూ ఉన్నట్టుండి ఆరిన యంత్రంలో వేడిని తొలి ముద్దాయిగా చూడనక్కరలేదు. కూలర్ అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించడం, నాలుగు మూలల్లో ఒక పిన్ను దిగకపోవడం, లిక్విడ్ కూలర్ పంపు తీగ తగిలించకపోవడం ఈ వర్గపు లోపాల్లో ముఖ్యమైనవి. అలాంటి యంత్రం మొదలైన నిమిషాల్లోనే ఆరిపోతుంది.

మదనపల్లె ఎత్తు వల్ల తీరాంధ్రతో పోలిస్తే వేసవి కొంత చల్లగా ఉంటుంది. ఎత్తున గాలి సాంద్రత 6, 7 శాతం తగ్గడం వల్ల చల్లదనానికి కలిగే నష్టం లెక్కలోకి రాదు. గది ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చిప్ ఉష్ణోగ్రతా ఇంచుమించు అంతే పెరుగుతుందన్నది మాత్రం ఏప్రిల్, మే నెలల్లో గుర్తుంచుకోవాలి. కంప్యూటర్ టేబుల్ అరలో తలుపు మూసి పెట్టిన క్యాబినెట్, గ్రానైట్ పనుల దుమ్ముతో పూడిన కింది ఫిల్టరు ఈ ప్రాంతంలో ఎక్కువ హాని చేస్తాయి. ఆటకు ముందు క్యాబినెట్ పక్క పలక తీసేసి చూస్తే ఆరిపోయే సమయంలో తేడా వస్తుందో రాదో తేలిపోతుంది.

బిగింపు, మెమరీ, ప్రాసెసర్

మదర్‌బోర్డు కింద ఉండే ఇత్తడి స్టాండాఫ్‌లలో ఒకటి రంధ్రం లేని చోట మిగిలిపోతే బోర్డు వెనక వైపు తగిలి షార్ట్ అవుతుంది. యంత్రాన్ని జరిపినప్పుడో, టేబుల్ కదిలినప్పుడో ఆరిపోవడం దాని గుర్తు. పవర్ బటన్ లోపలికి ఇరుక్కుంటే నాలుగు సెకన్లు నొక్కినట్టుగా బోర్డు భావించి యంత్రాన్ని ఆపుతుంది. ముందు ప్యానెల్ తీగలు పీకేసి, బోర్డు మీది రెండు పవర్ పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో క్షణం కలిపి మొదలుపెడితే ఈ అనుమానం తీరుతుంది.

మెమరీ లోపాలు సాధారణంగా నీలి తెరనో, తిరిగి మొదలవడాన్నో తెస్తాయి, పూర్తిగా ఆర్పడం అరుదు. మెమరీ వేగాన్ని పెంచే ఎక్స్‌ఎమ్‌పీ లేదా ఎక్స్‌పో అమరికను తీసేసి, మెమ్‌టెస్ట్86 ఒక రాత్రి నడిపితే చాలు. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లలో కొన్ని అధిక వోల్టేజి వల్ల అస్థిరమై ఆటలను మధ్యలో కూల్చేవి; 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో మైక్రోకోడ్ సవరణలు వచ్చాయి, వారంటీ రెండేళ్లు పెరిగింది. ఆ చిప్‌లున్నవారు బయోస్‌ను తాజా పరచుకోవడం తప్పనిసరి.

పరీక్షా క్రమం

అనుభవం గల మెకానిక్ ముందు ఏ భాగాన్నీ మార్చడు. వేరే గదిలోని సాకెట్‌కో, బంధువుల ఇంటికో యంత్రాన్ని తీసుకుపోయి, ఇన్వర్టర్, స్టెబిలైజర్, ఎక్స్‌టెన్షన్ బోర్డు ఏవీ లేకుండా అదే ఆటను అంతసేపూ నడిపిస్తాడు. అక్కడ ఆరకపోతే యంత్రం నిర్దోషి. అక్కడా ఆరితే భారాన్ని విడదీయాలి: ప్రైమ్95 ప్రాసెసర్‌ను మాత్రమే, ఫర్‌మార్క్ గ్రాఫిక్స్ కార్డును మాత్రమే, ఓసీసీటీలోని పవర్ పరీక్ష రెండింటినీ ఒకేసారి కష్టపెడతాయి. విడివిడిగా నిలబడి కలిపినప్పుడు మాత్రమే ఆరితే ఎస్‌ఎమ్‌పీఎస్ దోషం దాదాపు ఖాయం. హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌తో ఉష్ణోగ్రతలను, 12 వోల్టుల దారిని ఫైలులోకి నమోదు చేయిస్తే ఆరిన క్షణానికి ముందరి అంకెలు చేతిలో ఉంటాయి; 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉండడం ప్రమాణం. మదర్‌బోర్డు సెన్సర్లు కొన్నిసార్లు తప్పు చూపుతాయి కాబట్టి, వాటిని మల్టీమీటరుతో సరిచూసుకోవాలి.

ఇంకా తేలకపోతే బోర్డును క్యాబినెట్ నుంచి తీసి అట్టపెట్టె మీద పెట్టి, ఒకే మెమరీ కడ్డీతో, వీలుంటే గ్రాఫిక్స్ కార్డు లేకుండా నడిపించి, ఒక్కొక్క భాగాన్నీ చేర్చుకుంటూ రావాలి. అరువు తెచ్చిన, పనిచేస్తుందని తెలిసిన ఎస్‌ఎమ్‌పీఎస్‌తో పోల్చడం ఈ క్రమంలో చివరి మెట్టు. వారంటీ కోసం బెంగళూరు దుకాణానికి పంపవలసి వస్తే, ఈవెంట్ వ్యూయర్ నమోదులు, హెచ్‌డబ్ల్యూఇన్ఫో ఫైలు, బిల్లు జతచేయడం మేలు. ఆట నడుమనే ఆరే యూనిట్ దుకాణపు బల్ల మీద లోడు లేకుండా గంటలకొద్దీ సజావుగా నడుస్తుంది, ఏ భారం కింద ఎంతసేపటికి ఆరుతుందో రాసి పెట్టకపోతే లోపం లేదని చెప్పి అలాగే తిప్పి పంపుతారు.